వేపచెట్టు – విదేశపు పేటెంటు

చిత్తూరు సీమలో గాని, తిరుపతి పరిసర గ్రామములలో గాని వేపచెట్టు లేని ఊరు అరుదు. ఉగాది పచ్చడికి వేపపూవు, ధాన్యమునకు పురుగు పట్టకుండ వేపాకు, పైరు తెగుళ్లకు వేపనూనె మన రైతు కుటుంబములలో తరతరముల వాడుక. దీనిని నేను కనిపెట్టితినని ఎవరును చెప్పుకొనలేదు. అట్టి చెట్టు నూనెపై పరదేశమున పేటెంటు పుట్టి, సుమారు పదియేండ్లు వ్యాజ్యము నడచినది. ఆ చరిత్ర మనము తెలిసికొనదగినది.

పేటెంటు అనగా, క్రొత్త వస్తువునో పద్ధతినో కనిపెట్టినవారికి నియమిత కాలమువరకు ప్రభుత్వ మిచ్చు ప్రత్యేక హక్కు. ఆ హక్కు దానిని ఇచ్చిన రాజ్యపు ఎల్లలు దాటదు. ఇతర దేశములందు రక్షణ కావలెనన్న అచ్చటి చట్టము ననుసరించి వేరుగా పొందవలెను. ఇందుకు 1883 నాటి పారిస్ ఒడంబడిక ఒక సౌకర్యము కల్పించినది. ఒక సభ్యదేశములో దరఖాస్తు పెట్టినవారు పండ్రెండు నెలలలో ఇతర సభ్యదేశములలో పెట్టినచో, మొదటి తేదీయే లెక్కకు వచ్చును. భారతదేశము ఈ ఒడంబడికలో 1998 డిసెంబరు 7న చేరినది.

డబ్ల్యు. ఆర్. గ్రేస్ అను అమెరికా కంపెనీయు, ఆ దేశపు వ్యవసాయశాఖయు ఈ సౌకర్యమునే వాడుకొనినవి. వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్లను అరికట్టు పద్ధతికి 1989 డిసెంబరు 26న అమెరికాలో దరఖాస్తు పెట్టి, ఏడాది గడువు తీరకముందే 1990 డిసెంబరులో ఐరోపాలో పెట్టిరి. ఐరోపా పేటెంటు కార్యాలయము 1994 సెప్టెంబరు 14న పేటెంటు మంజూరు చేసినది.

మంజూరైన తొమ్మిది నెలలలోపల అచ్చట ఎవరైనను అభ్యంతరము తెలుపవచ్చును. భారతదేశమునుండి వందనా శివ, బెల్జియమునుండి మగ్దా ఆల్‌వూట్, అంతర్జాతీయ సేంద్రియ వ్యవసాయ సంఘముల సమాఖ్య కలిసి 1995లో అభ్యంతరము దాఖలు చేసిరి. ఈ పద్ధతి ముందే భారతదేశమున వాడుకలో నున్నదని మ్యూనిక్ నగరమున సాక్ష్యము పలికించిరి. 2000 మే నెలలో పేటెంటు రద్దయ్యెను. దానిపై అప్పీలు 2005 మార్చి 8న కొట్టివేయబడెను.

ఆ తీర్పు ఐరోపాకు మాత్రమే చెల్లును. అమెరికా పేటెంట్లను అది తాకలేదు. అంతేకాదు, రెండు చట్టములకును ఒక ముఖ్యమైన భేద ముండెను. ఐరోపా చట్టము ప్రపంచమున ఎచ్చటి బహిరంగ వాడుకనైనను సాక్ష్యముగా స్వీకరించును. అమెరికాలో 2013 వరకు, పరదేశమున కేవలము వాడుకలో నుండి అచ్చుపడని జ్ఞానము పేటెంటుకు అడ్డు కాలేదు. అనగా మన రైతు అనుభవమునకు మ్యూనిక్‌లో విలువ కలదు, వాషింగ్టన్‌లో లేకుండెను. అందుచేతనే, పుండ్లు మాన్పు పసుపుపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును ఎదిరించుటకు మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి ప్రాచీన గ్రంథములను, పత్రికలను వెదకి చూపవలసివచ్చెను. 1997లో ఆ హక్కులు త్రోసివేయబడినవి. ఈ అనుభవము ఫలితముగా 2001లో సంప్రదాయ విజ్ఞానపు అంకీయ గ్రంథాలయ నిర్మాణ మారంభమైనది.

పేటెంటు పొందుట సగము పని. నిలుపుకొనుట మిగిలిన సగము. సాధారణముగా దాని ఆయుర్దాయము దరఖాస్తు తేదీనుండి ఇరువది యేండ్లు. ఆ లోపల రుసుము చెల్లింపక పోయినచో హక్కు జారిపోవును. అమెరికాలో మంజూరైన మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏండ్లకు రుసుము కట్టవలెను. మన దేశమున మూడవ యేటినుండి ఏటేట కట్టవలెను.

మన జిల్లాలో క్రొత్త సాధనము రూపొందించు యువకులకు చెన్నై పేటెంటు కార్యాలయము సమీపమున నున్నది. విదేశమునకు పోకముందు ఇచ్చట దరఖాస్తు పెట్టి ఆరు వారములు ఆగవలెను, లేదా ముందుగా అనుమతి పొందవలెను. ఇక క్రొత్తది కనిపెట్టనివారికిని ఒక కర్తవ్యము కలదు. మన పెద్దల నోట నున్నది నోటనే యుండనీయక, కాగితముపై పెట్టుట. వేపను కాపాడినది సాక్ష్యము. పసుపును కాపాడినది వ్రాత.