ఓడమాటల పుట్టుక

విశాఖపట్టణమున సింధియా కంపెనీవారు కట్టిన తొలి యోడను 1948 మార్చి 14వ తేదీని నెహ్రూగారు సముద్రమునకు విడిచిరి. దాని పేరు ‘జలఉష’. పేరు మనది, మఱి యోడ యంగముల పేళ్లో? వానినన్నిటిని సంస్కృతీకరింపవలె ననువారు కలరు. వారికి సామగ్రి కొఱత లేదు. అమరసింహుడు తెడ్డునకు క్షేపణి యనియు, చుక్కానికి అరిత్రము, కేనిపాతకము అనియు, తెరచాపకంబమునకు గుణవృక్షక మనియు పేళ్లు చెప్పెను. గుణమనగా త్రాడు, త్రాళ్లు కట్టిన చెట్టు! ఆ పేరు పెట్టినవాడు ఓడ నెఱిగినవాడే. మేమును బాల్యమున నమరము వల్లించినవారమే. అయినను, పాఠ్యపుస్తకమున చుక్కానిని తొలగించి కేనిపాతకమును నిలిపినచో, జాలరిబాలుడు తన తండ్రి చేతిలోని వస్తువునకే పేరెఱుగనివాడగును. ఇది మాకు సమ్మతము కాదు.

చుక్కాని అచ్చతెలుగని మనలో పెక్కుమంది నమ్మిక. అరబ్బులు దానిని ‘సుక్కాన్’ అందురు. మనమాట అచ్చటినుండి వచ్చినదే. లంగరు పారసీకము. సరంగు పారసీకుల ‘సర్‌హంగ్’. తెడ్డు, తెరచాప, పడవ, రేవు మన యింటివి. శ్రీనాథుడు హరవిలాసమున నవచి తిప్పయసెట్టి వర్తకమును వర్ణించుచు కప్పలి, జోంగు అను నోడలను పేర్కొనెను. మొదటిది తమిళుల కప్పల్, రెండవది మలయా దీవులవారి జోంగ్. కవిసార్వభౌమునకు అంటని మైల మన కెట్లంటును?

ఈ మాటలు వచ్చిన త్రోవయు తెలియనిది కాదు. గాలివానకు ఒడ్డునబడిన యోడల సరకును పూర్వరాజులు బలిమిని హరించుచుండిరి. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి శాసనమున, తాను సుంకము తప్ప మరేమియు గ్రహింపనని వర్తకులకు అభయమిచ్చెను. సరకుతోడనే మాటయు దిగినది.

ఇక ఇంగ్లీషువారి దిక్కుమాటలు. కుడి యెడమలు మనిషి ముఖమును బట్టి మారును. తుపానులో నొకడు ముందునకు, ఒకడు వెనుకకు తిరిగియుండగా ‘కుడికి త్రిప్పు’మన్న నెవని కుడి? అందుచే వారు ఓడకే ప్రక్కల నేర్పరచిరి. పూర్వము చుక్కానితెడ్డు కుడివైపున నుండెడిది గావున ఆ వైపు స్టార్‌బోర్డు, అనగా చుక్కాని ప్రక్క. ఎడమవైపు లార్‌బోర్డు. హోరుగాలిలో ఈ రెండును ఒక్కటిగా వినబడుటచే 1844లో ఆంగ్ల నౌకాదళమువారు రెండవదానిని మాని ‘పోర్టు’ అనవలెనని యాజ్ఞాపించిరి. రాజభాషయైనను పనికిరాని మాటను వారు పట్టుకొని కూర్చుండలేదు!

1933లో తెఱచిన మన రేవునకు రాత్రివేళ యారాడకొండ ప్రక్కగా వచ్చు నోడకు పోర్టు వైపున ఎఱ్ఱదీపము, స్టార్‌బోర్డు వైపున పచ్చదీపము వెలుగును. ఒడ్డున నెదురుగా నిలిచి చూచువారికి ఆ యెఱ్ఱదీపము కుడిచేతివైపున కనబడును.