ముగ్గురు రుద్రదేవులు

మా తిరువూరు ప్రాంతం ఒకప్పుడు కాకతీయుల ఏలుబడిలోనిదే. ఆ వంశపు శాసనాలు చదవబూనిన మిత్రులకు ఒక చిక్కు ఎదురవుతుంది: రుద్రదేవ మహారాజు అంటే ఎవరు?

1163లో హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించినవాడు మొదటి రుద్రదేవుడు. ఆయన తమ్ముని కొడుకు గణపతిదేవుడు. గణపతికి పుత్రులు లేరు. కుమార్తె రుద్రమ, రుద్రదేవ మహారాజనే పురుషనామంతో రాజ్యమేలింది. ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకొనేవరకు పాలించాడు. ఆయననూ రుద్రదేవుడనేవారు.

చరిత్రకారులు మొదటి రుద్రదేవుని మొదటి ప్రతాపరుద్రుడని, ముమ్మడమ్మ కొడుకును రెండవ ప్రతాపరుద్రుడని అంటారు. ఆ అంకెలు తరువాత తగిలించినవి. రాతిపై శకవర్షం చెరిగి పేరొక్కటే మిగిలితే, దానమిచ్చినది గణపతి పెదతండ్రో, కూతురో, ఆ కూతురి మనుమడో తేల్చడం కష్టం.

ఈ తికమకలో ఎక్కువగా మరుగుపడేది రుద్రమే. మగపేరు చూడగానే మగవాడనే అనుకొంటాము. నల్లగొండ ప్రాంతపు చందుపట్లలో 1289 నాటి శాసనం మాత్రం ఆమె మరణాన్ని రుద్రమదేవి అన్న పేరుతోనే నమోదు చేసింది.

కనుక పేరుకన్న ముందు సంవత్సరం చూడాలి. అది 1262, 1289 నడుమ అయితే, ఆ మహారాజు రుద్రమ కావచ్చును.