రాతి పనివాళ్ల ఆయాసం

గని దుమ్ము ఊపిరి తీస్తుందని లోకానికి తెలిసి ఐదు వందల ఏళ్లు కావస్తోంది. 1556లో అచ్చయిన గనుల గ్రంథంలో జర్మన్ పండితుడు అగ్రికోలా కార్పాతియన్ కొండల సంగతి రాశాడు. అక్కడి గనుల దగ్గర ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారట. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జిని, రోగి ఏం పని చేస్తాడో కూడా అడగమని తోటి వైద్యులకు చెప్పాడు. ఈ దుమ్ము రోగానికి సిలికోసిస్ అన్న పేరు 1870లో వచ్చింది.

రాయిలోని సిలికా కంటికి ఆననంత సన్నటి నలుసులై ఊపిరితిత్తుల అడుక్కి చేరుతుంది. వాటిని మింగిన రక్షక కణాలే చచ్చిపోతాయి. ఆ చోట మచ్చ కడుతుంది. పని మానేసినా మచ్చ పెరుగుతూనే ఉండొచ్చు. నయం చేసే మందు ఈనాటికీ లేదు. రాకుండా ఆపడం మాత్రం సాధ్యమే: రాయిని నీళ్లతో తడిపితే దుమ్ము చాలామటుకు లేవదు.

ఆ నీళ్లే దక్కలేదు. 1930లో జొహానెస్‌బర్గ్‌లో ఈ రోగం మీద అంతర్జాతీయ సదస్సు జరిగింది. అదే ఏడాది అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ సొరంగం పని మొదలైంది. పని త్వరగా సాగాలని పొడిగానే డ్రిల్లింగ్ చేయించారు. వందల మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది నల్లజాతి కూలీలు. తెలియక జరిగిందని ఎవరూ అనలేని ఘోరం ఇది.

మన దగ్గర, చిత్తూరు జిల్లాకు చేరువలో ఉన్న కోలార్ బంగారు గనుల్లోకి తమిళులతో పాటు తెలుగువాళ్లూ దిగారు. 1940ల్లో అక్కడ 7,653 మందిని పరీక్షిస్తే 43.7 శాతం మందిలో సిలికోసిస్ బయటపడింది. అది పెద్ద కంపెనీ గని, ఆసుపత్రి ఉంది, అందుకే లెక్కయినా తేలింది.

చిన్న షెడ్లలో ఆ లెక్క కూడా ఉండదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ బలపాలకు పేరు పడ్డ ఊరు. కరెంటు రంపంతో పలకరాయిని సన్నటి పుల్లలుగా కోస్తారు. ముఖానికి మూరెడు దూరంలో రంపం తిరుగుతుంది, తెల్లటి దుమ్ము నేరుగా ముక్కులోకి పోతుంది. 1980ల్లో అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ 593 మందిని పరీక్షించింది. సగానికి పైగా రోగగ్రస్తులే. పిల్లలు ఓనమాలు దిద్దే బలపం కోసం యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ విషయం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

గుజరాత్‌లోని గోధ్రా దగ్గర క్వార్ట్జ్ పిండి మిల్లులకు వలసవెళ్లిన మధ్యప్రదేశ్ ఆదివాసులదీ ఇదే గతి. చనిపోయిన 238 మంది కుటుంబాలకు మూడేసి లక్షలు ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2019లో రాజస్థాన్ ప్రత్యేక విధానం తెచ్చి, రోగం నిర్ధారణ అయినవారికి సాయం ప్రకటించింది. మిగతా రాష్ట్రాలూ ఆ దారి పట్టాలి.

ఫ్యాక్టరీల చట్టం 1948 నుంచే సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియపరచాల్సిన రోగాల్లో చేర్చింది. అయినా పల్లెల్లో ఈ దగ్గును క్షయ అనుకుని నెలల తరబడి ఆ మందులే మింగిస్తుంటారు. సిలికా ఉన్న ఊపిరితిత్తులకు క్షయ తేలిగ్గా సోకుతుంది కూడా, అందుకే పొరపాటు పట్టుబడదు. డాక్టర్లూ, ఆశా కార్యకర్తలూ, దగ్గుతో వచ్చిన కూలీని ఏం పని చేస్తున్నావని, ఇదివరకు ఏం పని చేశావని అడగండి. క్రషరనో, రాతి పాలిష్ అనో చెబితే ఆ మాట చీటీ మీద రాయండి. రేపు పరిహారం అడగడానికి ఆ కుటుంబానికి అదే ఆధారం.