నీళ్లు పోవాలి, బలం నిలవాలి

2023 డిసెంబర్ 4, సోమవారం. మధ్యాహ్నం మూడు గంటలు. దర్శి దగ్గరి ఒక పల్లెలో, రెండెకరాల మిరప తోట గట్టు మీద మీరు నిలబడి ఉన్నారు. మిచాంగ్ తుపాను రేపు బాపట్ల దగ్గర తీరం దాటుతుందని ఫోను చెబుతోంది. తూర్పున మబ్బు నల్లబడింది. గాలి ఆగి ఆగి కొడుతోంది. పక్కనే మోటారు సైకిలు మీద రెండు యూరియా కట్టలు.

కిందికి చూడండి. ఆకాశం అలా ఉన్నా నల్లరేగడి ఇంకా ఆరిపోయే ఉంది. సాళ్ల మధ్య నెర్రెలో వేలు పెడితే రెండు కణుపుల లోతుకు దిగుతుంది. ఈ ఖరీఫ్ అంతా సాగర్ కుడి కాలువ నీటి కోసం ఎదురుచూపులతోనే గడిచింది. మొన్న నవంబర్ 30న, డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడి ఉండగా కుడి కాలువకు నీళ్లు వదిలారు. మీ తోట మాత్రం బోరు నీటితోనే ఇంతదూరం వచ్చింది. ఇప్పుడు పూత మీద ఉంది, పిందె పడుతోంది. ఈ నెల పైపాటు బలం వేయాల్సిన రోజు కూడా ఇదే.

పక్క తోటలో బాబాయి అప్పుడే బేసిన్ నడుముకు ఆనించి చల్లేస్తున్నాడు.

“ఏందిరా అట్టా నిలబడ్డావ్? వాన రాకముందే చల్లెయ్. తడికి కరిగి వేళ్లకు దిగుద్ది.”

ఆ మాటలో న్యాయం ఉందనిపిస్తుంది. కూలీలు ఈ రోజు ఉన్నారు, రేపు దొరకరు. నేల ఆరి ఉంది. వాన ఉచితంగా తడి పెడుతుంది. మీరు కట్ట మూతి దారం లాగి గుప్పెడు తీస్తారు. గుళికలు అరచేతిలో నున్నగా దొర్లుతాయి, లేత పసుపు ఛాయ, సన్నగా వేప వాసన. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికి వేప నూనె పూత తప్పనిసరి. 45 కిలోల కట్టలో నత్రజని 20 కిలోల పైచిలుకు. రెండు కట్టలంటే 41 కిలోలు. అదంతా ఇప్పుడు మీ గుప్పిట్లో ఉంది. చల్లాలా, ఆగాలా?

ఇప్పుడు చల్లితే ఈ గుళికలు ఏమవుతాయి?

మొదటి జల్లుకే కరిగిపోతాయి. కరిగిన యూరియాను మట్టి పట్టుకోలేదు. మట్టిలో అది అమ్మోనియంగా మారాలి. అమ్మోనియంకు ధనావేశం, రేగడి రేణువుకు రుణావేశం. రెండూ అతుక్కుంటాయి. అప్పుడు ఆ బలం మీ చేనులో నిలిచినట్టు. కానీ ఆ మార్పుకు కొన్ని రోజులు కావాలి. మీకున్నది ఒక్క రాత్రి. ఆ తర్వాతి మెట్టులో బాక్టీరియా అమ్మోనియంను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌దీ రుణావేశమే. మట్టి దాన్ని దగ్గరికి రానివ్వదు. నీళ్లు ఎటు పోతే అటు పోతుంది. వేప నూనె ఈ రెండో మార్పును నెమ్మది చేస్తుంది గానీ, కరిగి పారే యూరియాను ఆపలేదు.

మీ కాలి కింద ఇంకో సంగతి కూడా ఉంది. అక్టోబరులో వేసిన బలం పూర్తిగా ఖర్చు కాలేదు. తడి లేక వేళ్లు తాగలేకపోయాయి. అది నైట్రేట్‌గా ఈ పొడి మట్టిలోనే కూర్చుని ఉంది. రేపటి వరదకు అదే మొదట బయలుదేరుతుంది. దాని మీద ఇంకో 41 కిలోలు పోస్తారా?

గుప్పెడు గుళికలూ తిరిగి కట్టలో పోస్తారు. మూతి బిగించి కడతారు.

“ఆగు బాబాయ్. రేపు మురుగు తీసుకోక తప్పదు. ఆ నీళ్లతోపాటే ఇదంతా వాగులోకి పోద్ది.”

“కూలోళ్లు మళ్లీ దొరుకుతారా మరి?”

దొరకకపోవచ్చు. మళ్లీ పిలిస్తే ఇంకో రోజు కూలి పెట్టాలి. ఆ ఖర్చు నిజమే. అయినా మీరు కట్టలను ఇంటికి పంపి, పట్ట కప్పమంటారు. కూలీల చేతికి పారలు ఇస్తారు. ఈ పూట పని మారింది.

నాలుగైదు సాళ్లకొక బోదె. బోదెలన్నీ వాలు వైపున్న అడ్డ కాలువలోకి. పార దెబ్బకు గట్టి పెళ్లలు లేస్తాయి, అరచేతులు మండుతాయి. ఈ నేలలకు మురుగు దారి ఎంత ముఖ్యమో ఈ ప్రాంతానికి సాగర్ కాలువ వచ్చాకే తెలిసింది. మార్టూరు దగ్గర కోనంకిలో, ఇదే సాగర్ కుడి కాలువ ఆయకట్టులో, బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు నెదర్లాండ్స్ సహకారంతో పొలం అడుగున చిల్లుల పైపులు వేసి చూశారు. ఉరకెత్తి ఉప్పుదేలిన నేలలోంచి నీళ్లను, ఉప్పును బయటికి లాగడానికి. పైపైనైనా అడుగునైనా, మురుగు దారి పంటను కాపాడుతుంది. కానీ ఆ దారికి ఉప్పేదో బలమేదో తెలియదు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చేల కింద ఇలాంటి పైపులే ఉన్నాయి. వాటిలోంచి వచ్చే నైట్రేట్ నదిలో చేరుతోందని డెమోయిన్ నగర నీటి సరఫరా సంస్థ 2015లో కోర్టుకెక్కింది.

అడ్డ కాలువ మూలకు వచ్చింది. గండి ఎటు కొట్టాలి?

ఎడమ వైపైతే పది అడుగులే. అక్కడ పల్లం, పల్లంలో పాత బావి, దాని పక్కనే ఊరి బోరు. కుడి వైపైతే నాలుగింతలు తవ్వాలి. అటు గడ్డి, తుంగ పెరిగిన పాత మురుగు కాలువ, దాని చివర వాగు. పొద్దు వాలుతోంది. నడుము పట్టేసింది. ఎడమ వైపు పార వేయాలని చేయి లాగుతోంది.

బోరు వైపు చూడండి. పొద్దున్నే బిందెలు వరసగా ఉండేది అక్కడే. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేట్ ఉండకూడదు. మించితే ముందు దెబ్బ తగిలేది ఆరు నెలలు నిండని పసిబిడ్డకు. రక్తం ఆక్సిజన్‌ను మోయలేక పెదవులు నీలం తిరుగుతాయి. కాచినా నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఇదేదో దూరపు సంగతి కూడా కాదు. ఇంకో ఏడాదికి కేంద్ర భూగర్భ జల మండలి నైట్రేట్ బెడద ఎక్కువగా ఉన్న 15 జిల్లాల పేర్లు చెబుతుంది. అందులో మన పక్కనున్న పల్నాడు ఉంటుంది.

మీరు కుడి వైపు తవ్వుతారు. చీకటి పడేదాకా తవ్వుతారు.

గడ్డి కాలువలో నీళ్లు నెమ్మదిస్తాయి. గడ్డి వేళ్లు కొంత నైట్రేట్‌ను తాగుతాయి. అడుగు బురదలోని బాక్టీరియా ఇంకొంత విరగ్గొట్టి నత్రజని వాయువుగా గాలిలోకి వదిలేస్తుంది. అయోవా రైతుల్లో కొందరు ఇదే పని కోసం పైపు చివర గొయ్యి తీసి చెక్క ముక్కలతో నింపుతారు. మీకు కాలువలో గడ్డి ఉంది. దాన్ని చెక్కేయకండి.

రాత్రి పదకొండు. రేకుల మీద వాన మోత. కరెంటు ఎప్పుడో పోయింది. మీరు టార్చి, పార తీసుకుని బయలుదేరతారు. మోటారు పెట్టె దగ్గరికి వెళ్లొద్దు. తెగిన తీగ ఎక్కడ ఉందో తెలియదు.

తోటలో నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. మీ గండిలో మాత్రం ధార లేదు.

ఎందుకు?

టార్చి వేస్తారు. కలుపు మోపులు. పత్తి కంప. పాత డ్రిప్ గొట్టం. అన్నీ కలిసి గండికి అడ్డం పడ్డాయి. వంగుతారు. చేయి చాపుతారు. ఆగండి. పాములూ మెరక వెతుక్కునే రాత్రి ఇది. పార కామతో కదపండి. ఊడలేదు. మళ్లీ. గాలి తోసేస్తోంది. కాలు జారింది. మోకాలు బురదలో దిగింది. లేవండి. పొడవండి. ఇంకోసారి. కదిలింది. ఊడింది.

నీళ్లు ఒక్క ఊపున దూకాయి.

గట్టు పట్టుకుని ఊపిరి తీసుకోండి. పిక్కల మీంచి నీటి గీత దిగుతోంది. ఆ దిగడమే మీ తోటకు ప్రాణం. మిరప వేరు గాలి లేకుండా ఒకటి రెండు రోజులకు మించి తట్టుకోదు. ముందు చెట్టు వడలుతుంది, తర్వాత వేరు కుళ్లుతుంది. నిలిచిన నీళ్లు బలాన్ని కూడా దోచేస్తాయి. గాలి అందని మట్టిలో బాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. మిగిలిన నత్రజని వాయువై లేచిపోతుంది. కాలువ బురదలో మీకు మేలు చేసే పనే చేనులో జరిగితే నష్టం. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. నూరేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కన్నా అది 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

దోసిట్లో నీళ్లు పట్టి టార్చి వెలుగులో చూస్తారు. బురద రంగు. అంతే. పోయే బలానికి రంగు లేదు, వాసన లేదు.

పక్క గట్టు మీద ఇంకో టార్చి వెలుగుతోంది. బాబాయి.

“కట్టలు రెండూ పోయినట్టేనంటావా?”

“అది పొద్దున చూద్దాం బాబాయ్. ముందు నీ గండి తీయ్. నేనూ వస్తన్నా.”

మంగళవారం మధ్యాహ్నం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. సాయంత్రానికి మీ సాళ్లు కనిపిస్తున్నాయి. కొన్ని చెట్లు ఒరిగాయి. అవతలి చేలో విచ్చిన పత్తి తడిసి వేలాడుతోంది.

ఇంకో రెండు రోజులు గడిచాయి. ఎండ వచ్చింది. తోట పసుపు పచ్చగా మారింది. బాబాయి తోటా అంతే. ఆయన మళ్లీ కట్ట భుజాన వేసుకుని వస్తున్నాడు.

“ఆకలితో పాలిపోయింది. ఇప్పుడు వేయకపోతే పూత మొత్తం రాలుద్ది.”

మీకూ భయంగానే ఉంది. పూత రాలితే ఈ ఏడాది పెట్టుబడి రాలినట్టే. ఇంట్లో రెండు కట్టలు సిద్ధంగా ఉన్నాయి. పరిగెత్తుకెళ్లి తెస్తారా?

ముందు ఒరిగిన చెట్టును ఒకదాన్ని పీకి చూడండి. వేరు చివర గోధుమ రంగు. వేలితో రుద్దితే పై తోలు జారిపోతుంది. ఆరోగ్యంగా ఉంటే అక్కడ తెల్లటి పీచు వేళ్లు ఉండాలి. అవి లేవు. ఈ చెట్టుకు అన్నం ఉన్నా తినే నోరు లేదు. తడి మట్టిలో ఇప్పుడు వేసే యూరియా కూడా వాగు దారే పడుతుంది.

ఆకుకు నోరుంది. లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 ఎరువు కలిపి పిచికారీ చేస్తారు. ఎకరాకు 200 లీటర్ల మందు నీళ్లకు రెండు కిలోలు సరిపోతుంది. వారం ఆగి ఇంకోసారి కొడతారు. చెట్టు వడలుతున్న చోట లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడుపుతారు. బాబాయి చూస్తున్నాడు. కట్ట కింద పెట్టాడు. “నాకూ ఒక ట్యాంకు కలుపు” అన్నాడు.

చేను పదునుకు వచ్చేదాకా ఆగండి. పిడికెడు మట్టి తీసి పిసకండి. చేతికి జిగురుగా అంటుకుంటే ఇంకా ఆగండి. ముద్ద కట్టి, వేలితో తడితే విడిపోతోందా? ఇప్పుడు వేయండి. మొదళ్ల దగ్గర మళ్లీ తెల్లటి పీచు కనిపిస్తోంది. ఎకరాకు 25 కిలోల యూరియా, 15 కిలోల పొటాష్. వెదజల్లకండి. చెట్టుకు జానెడు దూరంలో గాడి తీయండి, వేయండి, మట్టి కప్పండి. కప్పిన బలాన్ని ఎండ ఆవిరి చేయలేదు, జల్లు ఊడ్చుకుపోలేదు.

రెండెకరాలకు పట్టింది ఒక కట్ట, ఇంకో కట్టలోంచి అయిదు కిలోలు. మిగిలిన 40 కిలోలు తర్వాతి దఫాకు ఉన్నాయి. చెట్టు తిండిని మీరు తగ్గించలేదు. తినగలిగే రోజుకు జరిపారు. నీటి పారుదల కింద మిరపకు ఎకరాకు 120 కిలోల నత్రజనిని వ్యవసాయ విశ్వవిద్యాలయం దఫాలుగా వేయమనేది అందుకే. పత్తికి 20, 40, 60, 80 రోజులప్పుడు పంచి వేయమనేదీ అందుకే. ప్రపంచవ్యాప్తంగా చూస్తే పంటలకు వేసే నత్రజనిలో సగం కూడా పంటకు చేరడం లేదు. అలా వృథాగా పోయేదాన్ని ఎంత తగ్గించినా దిగుబడికి లోటు రాదు, ఊరి బోరుకు మేలు జరుగుతుంది.

కట్ట ధర రూ.266.50. చౌకగా దొరికేసరికి ‘పోతే పోయింది, ఇంకోటి వేద్దాం’ అనిపిస్తుంది. పోయింది ఎక్కడికి పోయిందో మీకిప్పుడు తెలుసు. పంట తీసిన తర్వాత, మళ్లీ బలం వేయకముందే, చేనులో అక్కడక్కడా మట్టి తీసి దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లండి. నేలలో ఎంత మిగిలిందో తెలుసుకుని వచ్చే పంటకు కట్టలు కొనండి. వాన కబురు వినపడితే ముందు బోదెలు తీయండి. బాబాయి తోటలో కూడా తీయించండి, ఆయన గండి నీళ్లు, మీ గండి నీళ్లు కలిసేది ఒకే వాగులో.