నేలకు మిగిలిన పేర్లు

కలకత్తా ఇండియన్ మ్యూజియంలో భర్హుత్ స్తూపపు రాతి కంచెను నిలబెట్టిన గదికి వెళ్లినప్పుడల్లా మేము జేతవనం శిల్పం దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం. ఎద్దులబండి మీంచి నాణేలు దించుతున్నారు. నేలంతా చదరపు నాణేలు పరుస్తున్నారు. అనాథపిండికుడు చేత నీటిపాత్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆ వనం ఎవరు ఇచ్చారో, ఏం పెట్టి కొన్నారో బ్రాహ్మీలో చెక్కి ఉంది. కుటీరాలకూ పేర్లున్నాయి: గంధకుటి, కోసంబకుటి. లా చదివిన మా కళ్లకు అది శిల్పం కన్నా ముందు దస్తావేజు.

క్రీ.పూ. 2వ శతాబ్దపు ఆ ఉపాసకులు బొమ్మ ఒక్కటే చాలుననుకోలేదు. ఒక జాతకానికైతే పేరుగా దాని గాథ మొదటి మాటలే చెక్కించారు. గాథ నోటికి వచ్చినవారు మిగతాది తామే పూర్తి చేసుకుంటారు.

కాలక్రమంలో ఆ లిపి చదివేవారే లేకుండా పోయారు. సాంచి రాళ్ల మీద పదేపదే వచ్చే చివరి మాట ‘దానం’ అని 1837లో ఇదే కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ పట్టుకున్నాడు. 1873లో కన్నింగ్‌హామ్ భర్హుత్ చేరేసరికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు స్తూపాన్ని చాలావరకు ఇళ్లకు మోసుకుపోయారు. మిగిలిన రాళ్లు మాత్రం తామెవరో తామే చెప్పుకోగలిగాయి.

ఇదే మ్యూజియంలో మన అమరావతి శిల్పాలూ కొన్ని ఉన్నాయి. ఆ స్తూపాన్ని మనవాళ్లు దీపాలదిన్నె అన్నారు. ఎంత చక్కని పేరు! ఎవరివో ఆ దీపాలు, ఎందుకు వెలిగించారో మరిచిపోయాక మాత్రం అది ఇటుకలూ చలువరాళ్లూ దొరికే గుట్ట అయింది. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో కొత్త పట్నం కట్టడానికి దాన్ని తవ్వారు. చూడటానికి వచ్చిన మెకెంజీ కూడా మొదట జైనులదే అనుకున్నాడు.

అనకాపల్లి దగ్గర శంకరం ఇంకో రకం. సంఘారామం అన్న మాటే నలిగి శంకరమైంది. కొండను తొలిచిన స్తూపాలు వరసలుగా కనబడితే జనం లింగాలనుకున్నారు, అది లింగాలకొండ అయింది. పక్కనున్నది బొజ్జన్నకొండ. అక్కడ రాక్షసుడున్నాడని కనుమనాడు రాళ్లు రువ్వే ఆచారం మన కాలం దాకా సాగింది. రువ్వినవాళ్లకు ద్వేషమేమీ లేదు, పండగ చేసుకున్నారు. తాతలు చెప్పిన కథే వాళ్లకు ఆ కొండ.

అడంగల్‌లో మరో మాట ఉంది: పోరంబోకు. శిస్తు లేని నేలకు ఆ పేరు పెట్టి, అదే మాటతో మనిషినీ తిట్టే భాష మనది. గుట్ట ఆ కాలమ్‌లో చేరిందంటే మట్టి ట్రాక్టర్లు రావడానికి ఎంతోసేపు పట్టదు. 1958 పురాతన కట్టడాల చట్టం ఉంది గానీ, జాతీయ ప్రాముఖ్యం ఉన్నదని ప్రకటించిన చోట్లకే దాని రక్షణ. ప్రకటించాలంటే అక్కడేముందో ఎవరో ఒకరు ముందు చెప్పాలి.

అందుకే జిల్లాల్లోని మిత్రులను ఒకటి అడుగుతున్నాం. మీ ఊళ్లో దిన్నె, దిబ్బ, మెట్ట, ఆరామం అని వినిపించే ప్రతి పేరునూ ముసలివాళ్లను అడిగి, వాళ్లు పలికినట్టే రాయండి. పక్కన సర్వే నంబరు వేయండి.