లింకు కమీషన్ పాత కథే
డ్యూటీ దిగి రూముకొచ్చేసరికి "అన్నా, ఈ లింకు పదిమందికి పంపు, కమీషన్ వస్తది" అన్న మెసేజ్ నాకూ వస్తనే ఉంటది.

1995లో పియర్ ఒమిడ్యార్ తన వేలం సైటులో పాడైన లేజర్ పాయింటర్ పెడితే 14.83 డాలర్లకు పోయింది. పాడైనవే పోగుచేస్తానన్నాడట కొన్నాయన! ఆ సైటే తర్వాత ఈబే అయింది.

1996లో అమెజాన్, లింకు ద్వారా ఎవరైనా కొంటే పంపినవాళ్లకు వాటా ఇయ్యడం మొదలుపెట్టింది. అమ్మకం జరిగితేనే కమీషన్. ముందు మనం డబ్బు కట్టేది అందులో లేనే లేదు.

ఈబే కూడా ఆ దారే పట్టింది. లింకు నొక్కితే, పంపిందెవరో తెలిసేలా బ్రౌజరులో కుకీ అనే గుర్తు పడుతుంది. షాన్ హోగన్ అనే అమెరికన్, నొక్కనివాళ్ల కంప్యూటర్లలోనూ దాన్ని దొంగచాటుగా వేయించాడు. వాళ్లంతట వాళ్లే పోయి కొన్నా కమీషన్ ఇతనికే! ఈబే అతనికి కట్టింది దాదాపు 2.8 కోట్ల డాలర్లు. 2014లో ఐదు నెలల జైలుశిక్ష పడింది.