గోడ చెమ్మయు విద్యుత్తీగెయు

మన గ్రంథాలయములో పత్రికలు చదువు బల్లకు పైగా ఉత్తరపు గోడపైనున్న స్విచ్చి బోర్డును ఎరుగనివారు ఈ గ్రామమున అరుదు. వానకాలమున దానిని ముట్టిన పిల్లలు “జివ్వుమన్నదండి” అనుచు చేయి వెనుకకు లాగుకొనుట కొన్నియేండ్లు మామూలు సంగతిగనే సాగినది. తుదకు మేస్త్రీ వచ్చి బోర్డు విప్పగా, లోపలి చెక్కపై నల్లని బూజు, రాగి కొనలపై పచ్చని చిలుము, వెనుక గోడపై తెల్లని ఉప్పు పొర కనబడినవి. తీగెలు మార్చిన చాలునని కొందరు, గోడకు రంగు వేసిన చాలునని మరికొందరు అనిరి. ఈ వివాదము మనకు క్రొత్తదేగాని విద్యుచ్ఛక్తి చరిత్రలో మిక్కిలి పాతది.

రాగితీగెలో విద్యుత్తును పంపుట తొలిదినములలోనే తెలిసినది. అది దారి తప్పి తడిలోనికి పోకుండ తీగెకు ఏమి తొడుగవలెననునదే చిరకాలము వేధించిన ప్రశ్న. మలయా ప్రాంతపు చెట్లపాలతో చేయు గట్టాపర్చా అను పదార్థము ఇందులకు తగినదని 1848లో మైకేల్ ఫారడే ప్రకటించెను. 1851లో ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ సముద్రములో వేసిన తంతితీగెకు దానినే తొడిగిరి. అది సముద్రగర్భమున చక్కగా నిలిచినది. కాని గాలి తగిలినచోట ఎండి పగులును, వేడికి మెత్తబడును. నీటిలో మునిగి బ్రతికిన వస్తువు ఇంటి గోడపై చెడిపోవుట చిత్రమే.

1880 తరువాత దీపములు ఇండ్లలోనికి వచ్చినవి. అమెరికాలో నూలు చుట్టి సీసపు తెల్లరంగు పూసిన తీగెను భీమా సంస్థలవారు అంగీకరించిరి. అది నిప్పునకు కొంత ఓర్చినదిగాని తడికి ఓర్వలేదు. భీమాదారుకును శవసంస్కారము జరిపించువానికిని ఇంగ్లీషులో పేర్లు దగ్గరగా ధ్వనించుటచే, జనులు దానికి ‘శవసంస్కారపు తీగె’ అని పరిహాసనామము పెట్టిరి. 1882 జూనులో లండనునందలి టెలిగ్రాఫు ఇంజనీర్ల సంఘము విద్యుద్దీపములవలన కలుగు అగ్నిప్రమాదములను నివారించుటకై తొలి నియమావళిని వెలువరించినది. నాలుగు పుటల ఆ చిన్న పత్రములోనే తేమను ముఖ్య శత్రువులలో ఒకటిగా ఎన్నిరి. ఈ కీడు కంటికి కనబడనిది, పరీక్షచేతనే తెలియునది అనియు చెప్పిరి. నూటనలువది యేండ్లు దాటినను ఆ మాటలో మార్చవలసినది ఏమియు లేదు.

ఆ కాలమున రెండు గాడులు తీసిన కొయ్యపట్టెలో తీగెలుంచి పైన మూత బిగించెడివారు. చూపునకు అందమైనదే, కాని చెమ్మగోడపై కొయ్య నీరు పీల్చును. రెండు తీగెల నడుమనున్న తడికొయ్యలో కొద్దిపాటి విద్యుత్తు ప్రవహించి, కొయ్యను మెల్లగా మాడ్చును. మాడిన బొగ్గు తానే విద్యుత్తునకు దారియగును. దారి వెడల్పైనకొలది వేడి పెరిగి ఒకనాడు మంట లేచును. దీనికి విరుగుడుగా ఇనుపగొట్టములు వచ్చినవి. వానిలోనికి నీరు రాదనుకొనిరిగాని, గాలి వచ్చునని మరచిరి. వెచ్చని తేమగాలి చల్లని గొట్టములో చేరి, లోపలనే నీటిబొట్లుగా మారినది!

బూజు సంగతి బాగుగా తెలిసివచ్చినది రెండవ ప్రపంచ యుద్ధములో. పసిఫిక్ దీవులలో సైన్యముల రేడియోలు, టెలిఫోనులు శత్రువు తాకకయే మూగవోయినవి. తీగెలపై నూలును, మైనమును బూజు ఆహారముగా గొన్నది. బూజు తంతువులు తేమను పట్టియుంచి, వేరుగా నుండవలసిన రెండు కొనల నడుమ తడివంతెన కట్టును. దానినుండి పుట్టు ఆమ్లములు లోహమును తినును. అందువలన సామగ్రికి బూజునాశకము కలిపిన వార్నిషు పూయసాగిరి. సాలమన్ దీవులలో కుళ్లిన నూలుగుడ్డనుండి అప్పుడు వేరుచేసిన ట్రైకోడెర్మా అను బూజు, నేడు పరిశ్రమలలో నారపదార్థమును కరిగించు ఎంజైములనిచ్చుచున్నది. కాగితమును నారపదార్థమే. గ్రంథాలయములో తీగెకును పుస్తకమునకును పగవాడొక్కడేనని దీనినిబట్టి తెలియును.

మన దేశమున టేకుపట్టీలపై రబ్బరు తీగెలు బిగించు పద్ధతి చాలకాలము నడచినది, పిమ్మట పి.వి.సి. తీగెలు వచ్చినవి. పి.వి.సి. నూలువలె నీరు పీల్చదు. అయినను తీగె స్విచ్చిలో చేరుచోట తొడుగు తీయక తప్పదు. చెమ్మ అక్కడనే కాచుకొనియుండును. 1956 నాటి భారత విద్యుత్ నియమములు, వినియోగదారుని ఆవరణలో కారిపోవు విద్యుత్తు గరిష్ఠ సరఫరాలో 5000వ వంతునకు మించరాదని విధించినవి. పది ఆంపియర్ల ఇంటికి ఇది రెండు మిల్లీ ఆంపియర్లు మాత్రమే. ఆ కారుటను పట్టుటకు మేస్త్రీలు వాడు ‘మెగ్గరు’ 1903 నుండి ఆ పేరుతో నున్నది.

ఈనాడు 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పగనే సరఫరాను ఆపు లీకేజి బ్రేకరు దొరకుచున్నది. ఎర్తుతీగెతోపాటు అది ప్రతి భవనమునకు ఉండవలసినదే. కాని వానకాలమున అది పదేపదే పడిపోవుచున్నదని విసిగి దానిని తొలగించినవారిని నేనెరుగుదును. కుక్క మొరిగినదని కుక్కను తరిమినట్లున్నది!

మన మేస్త్రీ మెగ్గరు పెట్టి చూచి, కొత్త తీగె వేసినను ఈ గోడపై ఏడాదికి మించి నిలువదనెను. డాబామీద వాననీరు పోవు తూము పగిలి, నీరు గోడలోనికే దిగుచున్నది. గోడలోని ఉప్పు గాలినుండియు తేమను లాగుచున్నది. తూము బాగుచేయించి, చెడిన గచ్చు గీకించి, ఒక వేసవి గోడను ఆరనిచ్చితిమి. బోర్డును తూర్పుగోడకు మార్చి, బ్రేకరు పెట్టించితిమి. రజతోత్సవమునకు రంగులు వేయించవలెనని దాచిన సొమ్ము ఇందులకే చెల్లినది. ఉత్సవమునకు విచ్చేసిన పెద్దలు ఉత్తరపు గోడ గచ్చుపూతతోనే యుండుట చూచి కారణమడిగిన, ఇదియే కారణము.